కట్టడం పని మన ఇళ్లది – కోడ్ పుస్తకం చదవడం కూడా మనం నేర్చుకుందాం



మన హాస్టల్లో ఏ గదిలో అడిగినా, ఇంట్లో ఒక్కరైనా కట్టడం పనికి పోయేవారు ఉంటారు. కంకర తట్ట మోసే అమ్మ, సెంట్రింగ్ కొట్టే నాన్న, కడ్డీలు వంచే అన్న, సున్నం వేసే బాబాయి. పని మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. ఆ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పుస్తకం మాత్రం చాలాకాలం మన గడప తొక్కలేదు. సైటు మీద ఏదైనా తేడా వస్తే "కోడ్‌లో ఇలా ఉంది" అని ఒకరంటారు, "ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం" అని ఇంకొకరంటారు. పుస్తకం తెరిచి చూపేవారు అరుదు.

ఇప్పుడు ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండా దొరుకుతోంది. దొరకడం ఒక ఎత్తు, దాన్ని చదవడం ఇంకో ఎత్తు. పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్‌లో సివిల్ చదివి ఇవాళ సైట్ల మీద పనిచేస్తున్న మేము కొందరం కలిసి, ఆ చదివే పద్ధతిని మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆ పుస్తకం కథ

మన దేశంలో వస్తువులకు, పనులకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ పేరుతో మొదలైంది. ఐఎస్ఐ మార్కు అనే మాట అక్కడి నుంచే వచ్చింది. 1987 ఏప్రిల్ 1 నుంచి అది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బీఐఎస్ అయింది. ఆ సంస్థ వెలువరించే ప్రతి ప్రమాణానికీ ఒక నంబరు, ఒక సంవత్సరం ఉంటాయి. ఉదాహరణకు కాంక్రీటు పనికి ఆధారమైన ఐఎస్ 456 మొదట 1953లో వచ్చింది. 1957లో, 1964లో, 1978లో, 2000లో దాన్ని సవరించారు.

ఒకప్పుడు ఈ ప్రమాణాలు కావాలంటే కొనుక్కోవాల్సిందే. ఇళ్ల నిర్మాణానికి సంబంధించిన జాతీయ భవన నియమావళి ఒక్కదాని ధరే పదమూడు వేల రూపాయల పైమాటగా ఉండేది. హాస్టల్ పిల్లవాడు అంత డబ్బు ఎక్కడ తెస్తాడు? అమెరికాలోని పబ్లిక్ రిసోర్స్ అనే సంస్థ స్థాపకుడు కార్ల్ మాలముద్ మన ప్రమాణాలను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టాడు. బ్యూరో అభ్యంతరం చెప్పింది. ప్రజల ప్రాణాలకు సంబంధించిన నియమాలు ప్రజలందరికీ ఉచితంగా అందాలని కోరుతూ 2015లో ఆయన, ఇండియన్ కానూన్ స్థాపకుడు సుశాంత్ సిన్హా, రవాణా రంగ ఇంజనీరు శ్రీనివాస్ కొడాలి కలిసి ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు.

ఇవాళ బ్యూరో తన వెబ్‌సైట్‌లోనే, మన దేశంలో రూపొందించిన ప్రమాణాలను ఉచితంగా ఇస్తోంది. పేరు నమోదు చేసుకుని, "నో యువర్ స్టాండర్డ్స్" అనే భాగంలో నంబరు గానీ మాట గానీ కొట్టి వెతికితే ప్రమాణం దొరుకుతుంది. మన సొంత చదువుకు దించుకోవచ్చు.

మొదటి మెట్టు: ఏ పుస్తకమో తెలుసుకోవడం

"స్లాబు గట్టిగా ఉండాలంటే ఏం చేయాలి?" అని వెతికితే వెయ్యి జవాబులు వస్తాయి, ఒక్కటీ పనికిరాదు. ప్రశ్నను చిన్నది చేసుకోవాలి. సిమెంటు గురించా, కంకర గురించా, కడ్డీ గురించా, తడపడం గురించా? ప్రశ్న తేలితే నంబరు తేలుతుంది. నోటుపుస్తకం మొదటి పేజీలో ఈ కొన్ని నంబర్లు రాసిపెట్టుకోండి.

కాంక్రీటు పని – ఐఎస్ 456
కాంక్రీటు పాళ్లు లెక్కకట్టడం, అంటే మిక్స్ డిజైన్ – ఐఎస్ 10262
కంకర, ఇసుక – ఐఎస్ 383
కడ్డీలు – ఐఎస్ 1786
కాల్చిన మట్టి ఇటుక – ఐఎస్ 1077
ఓపీసీ సిమెంటు – ఐఎస్ 269
పీపీసీ సిమెంటు – ఐఎస్ 1489
పని కొలతలు తీసే పద్ధతి – ఐఎస్ 1200
పరంజాలు, నిచ్చెనల భద్రత – ఐఎస్ 3696
తవ్వకం పనిలో భద్రత – ఐఎస్ 3764

ఈ పది నంబర్లతో మామూలు ఇంటి పనిలో వచ్చే సందేహాలు చాలావరకు తీరతాయి.

రెండో మెట్టు: సంవత్సరం, సవరణ చూడటం

నంబరు ఒక్కటి చాలదు. నంబరు పక్కన ఏ సంవత్సరం ఉందో చూడాలి. సిమెంటునే తీసుకోండి. వెనకటి పుస్తకాల్లో 43 గ్రేడు సిమెంటుకు ఐఎస్ 8112 అనీ, 53 గ్రేడుకు ఐఎస్ 12269 అనీ ఉంటుంది. 2015లో ఐఎస్ 269ను సవరించినప్పుడు ఆ గ్రేడులన్నిటినీ ఆ ఒక్క ప్రమాణంలోకే తెచ్చారు. పాత గైడు చదివి ఇంటర్వ్యూకు వెళ్లినవాడు పాత నంబరే చెబుతాడు. వెబ్‌సైట్ చూసుకున్నవాడు కొత్తది చెబుతాడు.

ప్రమాణం ఒకటే ఉన్నా మధ్యమధ్య అమెండ్‌మెంట్లు వస్తుంటాయి. అవి ఒకటి రెండు పేజీల కాగితాలే గానీ, లోపలి అంకెలను మార్చేస్తాయి. అందుకే సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోని ఫైలును ఉన్నదున్నట్టు నమ్మవద్దు. చదవబోయే రోజున బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఇంకా అమల్లో ఉందా, కొత్త ప్రతి వచ్చిందా, ఎన్ని సవరణలు ఉన్నాయి అని ఒక్కసారి చూసుకోండి. ఈ వ్యాసంలో మేము ఐఎస్ 456 నుంచి చెప్పే అంకెలన్నీ 2000 నాటి ప్రతిలోవి. వాటిని కూడా మీరు అలాగే సరిచూసుకోండి.

మూడో మెట్టు: క్రియాపదం పట్టుకోవడం

ఈ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడవద్దు. అందులో కథలుండవు, అలంకారాలుండవు. ప్రతి చిన్న పేరాకూ ఒక అంకె ఉంటుంది, దాన్ని క్లాజు అంటారు. వాక్యంలో మూడు మాటలను పట్టుకుంటే సగం అర్థమైనట్టే. "షల్" అంటే చేసి తీరాలి. "షుడ్" అన్నా, "రికమెండెడ్" అన్నా చేస్తే మంచిదని సలహా. "మే" అంటే చేయవచ్చు, అనుమతి ఉంది.

కాంక్రీటు తడపడం గురించి క్లాజు 13.5.1 చూడండి. ఓపీసీ సిమెంటు వాడితే పోసిన రోజు నుంచి కనీసం 7 రోజులు ఆరకుండా తడిగా ఉంచాలి. పీపీసీ వంటి మిశ్రమ సిమెంటు అయితే కనీసం 10 రోజులు. ఎండ, వడగాలి తగిలేచోట ఏ సిమెంటయినా 10 రోజులకు తగ్గకూడదు. ఇవి "షల్" మాటలు. మిశ్రమ సిమెంటు వాడినప్పుడు ఆ గడువును 14 రోజులకు పొడిగించడం మంచిదన్నది మాత్రం "రికమెండెడ్".

ఇప్పుడు మన ఊళ్లో మే నెలలో పీపీసీతో పోసిన స్లాబును ఊహించుకోండి. వారం తడిపి వదిలేస్తే చాలని ఎవరైనా అంటే, వాళ్లు ఆ క్లాజులో మొదటి ముక్క మాత్రమే విన్నారని మీకు తెలిసిపోతుంది.

నాలుగో మెట్టు: పట్టికతోపాటు దాని చుట్టూ ఉన్న వాక్యాలు చదవడం

ఇది మా వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇంటర్నెట్‌లో చాలామంది పట్టికను మాత్రం కత్తిరించి పెడతారు. పట్టికకు ముందూ వెనకా ఉన్న వాక్యాలు అందులో రావు. ప్రమాదం అక్కడే ఉంటుంది.

సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి అన్నది క్లాజు 11.3.1. స్తంభాలు, గోడల పక్క పలకలు 16 నుంచి 24 గంటలకు తీయవచ్చు. స్లాబు అడుగు పలకలు 3 రోజులకు తీయవచ్చు, కానీ సపోర్టులను వెంటనే తిరిగి నిలబెట్టాలి. బీము అడుగు పలకలకు అదే పద్ధతిలో 7 రోజులు. స్లాబు కింది సపోర్టులు, దూలం నుంచి దూలానికి దూరం 4.5 మీటర్ల వరకు ఉంటే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీముల కింది సపోర్టులు 6 మీటర్ల వరకు 14 రోజులు, మించితే 21 రోజులు.

ఇంతవరకు ఫోన్లలో తిరిగే బొమ్మల్లోనూ ఉంటుంది. అక్కడ కనపడని మాట ఏమిటంటే, ఈ రోజుల లెక్క ఓపీసీ సిమెంటుకు, చుట్టూ వేడి 15 డిగ్రీల కంటే తగ్గనప్పుడు, తడపడం సరిగా జరిగినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. వేరే సిమెంటు అయితే గడువును తగినట్టు మార్చుకోవాలని కోడ్ చెబుతోంది. మన ఊరి దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది పీపీసీ. అది మొదటి రోజుల్లో బలం నిదానంగా పుంజుకుంటుంది. అంటే "ఏడు రోజులైంది, సపోర్టులు తీసెయ్" అన్న మాట చాలా ఇళ్ల విషయంలో కోడ్ మాట కాదు.

ఆ సపోర్టుల కింద నిలబడి సుత్తితో కొట్టేది ఎవరు? మన నాన్నలు, అన్నలు. అందుకే ఈ ఒక్క వాక్యం మీ అందరికీ తెలియాలని మా కోరిక.

ఐదో మెట్టు: రెండు పట్టికలు కలిపి చూడటం

ఎం20 అనే మాట మీరు వినే ఉంటారు. 150 మిల్లీమీటర్ల ఘనం పోసి 28 రోజులకు పరీక్షిస్తే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాల్సిన కాంక్రీటు అది. ఐఎస్ 456లో 9వ పట్టిక ప్రకారం ఎం20కి 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుక, కంకర కలిపి 250 కిలోలు, నీళ్లు 30 లీటర్లకు మించకూడదు. ఇసుక ముందే తడిగా ఉంటే ఆ తడిని కూడా నీళ్ల లెక్కలోంచి తీసేయాలి.

ఇక్కడితో ఆగిపోతే తప్పు చేసినట్టే. 5వ పట్టిక తెరవండి. అందులో కాంక్రీటు ఎలాంటి చోట ఉంటుందో దాన్నిబట్టి హద్దులు పెట్టారు. కడ్డీలున్న కాంక్రీటుకు ఆ హద్దులు ఇవీ.

వాన, తేమ తగలని చోట – ఎం20కి తగ్గకూడదు, ఘనపు మీటరుకు కనీసం 300 కిలోల సిమెంటు, నీళ్ల నిష్పత్తి 0.55 లోపు.
వాన తగిలే చోట, మామూలు మట్టిలో పూడ్చిన చోట – ఎం25, 300 కిలోలు, 0.50 లోపు.
సముద్ర తీరపు వాతావరణానికి బయటపడి ఉన్న చోట – ఎం30, 320 కిలోలు, 0.45 లోపు.

నీళ్ల నిష్పత్తి అంటే సిమెంటు బరువులో నీళ్లు ఎంత వంతు అని. 0.55 అంటే 50 కిలోల బస్తాకు 27.5 లీటర్లు. 9వ పట్టిక 30 లీటర్ల వరకు అన్నది కదా! కడ్డీలున్న పనికి రెండిట్లో తక్కువది పాటించాలి. ఒక్క పట్టికతో ఆగినవాడికి ఈ తేడా తెలియదు.

ఇంకో సంగతి. మామూలు మట్టిలో వేసే పునాదికి ఎం25 కావాలి. కానీ పాళ్లు చెప్పి కలిపే పద్ధతి ఎం20 వరకే. ఎం25 నుంచి మిక్స్ డిజైన్ చేయించాలి. మరి ఊళ్లలో ఒకటి, ఒకటిన్నర, మూడు అనే పాళ్లతోనే పునాది నుంచి పైకప్పు దాకా పోస్తున్నారు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట ఉన్న మన పల్లెల్లో ఉప్పుగాలికి స్లాబు పెచ్చులూడి తుప్పు కడ్డీ బయటపడటం చూస్తూనే ఉన్నాం. ఇలాంటి చోట గ్రేడు, నీళ్లు, కడ్డీ మీద కాంక్రీటు మందం మూడూ లెక్కకు వస్తాయి. ఆ మందాన్ని కవర్ అంటారు. 16వ పట్టికలో పొడి చోట్ల 20 మిల్లీమీటర్లు, మట్టి, వాన తగిలే చోట 30, తీరపు వాతావరణంలో 45 అని ఉంటుంది. కడ్డీ కింద పెట్టే సిమెంటు బిళ్లకు ఇంత కథ ఉంది.

ప్రాణం కాపాడే పేజీ

కేంద్ర ప్రజాపనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, తన స్పెసిఫికేషన్లను, రేట్ల పట్టికను, కాంట్రాక్టు సాధారణ షరతులను తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. ఆ షరతుల పుస్తకంలో భద్రతా నియమావళి ఉంది. కందకాల గురించి అందులో ఉన్నది చదవండి.

లోతు 1.2 మీటర్లు దాటితే ప్రతి 30 మీటర్ల పొడవుకు కనీసం ఒక నిచ్చెన ఉండాలి. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కలను వాలుగా తవ్వాలి, లేదా చెక్కలతో గట్టిగా ఆపు కట్టాలి. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్ల లోపు గానీ, లోతులో సగం దూరం లోపు గానీ వేయకూడదు. రెండిట్లో ఏది ఎక్కువైతే అది పాటించాలి. రెండు మీటర్ల కందకానికి సగం ఒక మీటరు, కాబట్టి 1.5 మీటర్లు పాటించాలి. నాలుగు మీటర్ల కందకానికి సగం రెండు మీటర్లు, కాబట్టి రెండు మీటర్లు పాటించాలి. అడుగున లోపలికి దోకి తవ్వకూడదు.

పైపులైను కందకాల్లో, డ్రైనేజీ గుంతల్లో మట్టి విరిగిపడి కూలీలు పోయారన్న వార్త మనకు కొత్త కాదు. చాలాసార్లు మట్టి గుట్ట అంచు మీదే ఉంటుంది, ఆపు కట్టిన చెక్క ఒక్కటీ ఉండదు. ఈ నియమాలు సీపీడబ్ల్యూడీ పనులకు రాసుకున్నవి. అన్ని పనులకూ చూసుకోవాల్సిన ప్రమాణం ఐఎస్ 3764. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ నాలుగు వాక్యాలు ఇంట్లో తెలుగులో చదివి వినిపించండి.

ఐఎస్ఐ మార్కు నిజమో కాదో

బస్తా మీద, కడ్డీ కట్టకు కట్టిన బిళ్ల మీద ఐఎస్ఐ మార్కుతోపాటు ప్రమాణం నంబరు, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. బ్యూరో వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొడితే అది ఎవరి పేరున ఉంది, అమల్లో ఉందా లేదా అన్నది కనపడుతుంది. మనవాళ్లు అప్పు తెచ్చి ఇల్లు కట్టుకుంటారు. సామాను దిగిన రోజే ఈ పరీక్ష చేయడానికి రెండు నిమిషాలు చాలు.

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి

కోడ్ చదివినంత మాత్రాన మనం ఇంజనీర్లం అయిపోం. ఎంత మందం బీము, ఎన్ని కడ్డీలు అన్నది నేలను, బరువును, భూకంప మండలాన్ని చూసి అర్హత గల ఇంజనీరు లెక్కకట్టాలి. పక్కింటి ప్లాను చూసి కడ్డీలు వేయించవద్దు. వీడియోలో ఎవరో చెప్పింది గానీ, ఫోనును అడిగితే అది తడుముకోకుండా ఇచ్చిన జవాబు గానీ చివరి మాట కాదు. వాటిని దారి చూపే గుర్తుగా వాడుకోండి. ఏ నంబరు, ఏ సంవత్సరం, ఏ క్లాజు అని అడిగి, ఆ పేజీ మీరే తెరిచి, కళ్లతో చూసిన తర్వాతే నమ్మండి.

ఇంట్లో పెద్దలతో మాట్లాడే తీరు కూడా ముఖ్యమే. "నీకు తెలియదు నాన్నా" అనవద్దు. కాంక్రీటు చేతిలోకి తీసుకుని నీళ్లు ఎక్కువయ్యాయని చెప్పగల అనుభవం ఆయనది. మన దగ్గరున్నది ఆ అనుభవానికి అంకె పేరు పెట్టిన కాగితం. రెండూ కలిస్తే సైటు మీద ఎవరూ తోసిపుచ్చలేరు.

హాస్టల్లో ఎలా మొదలుపెట్టాలి

అందరికీ ఫోను అక్కర్లేదు. ఒకరు దించుకుంటే హాస్టల్ కంప్యూటర్లో ఉంచి అందరూ చదవవచ్చు. ఐఎస్ 456 మొత్తం ప్రింటు తీయవద్దు, ఈ వ్యాసంలో చెప్పిన క్లాజులు, పట్టికలు ఉన్న పేజీలు చాలు. ఆదివారం గంటసేపు నలుగురు కూర్చుని ఒక్క క్లాజు చదవండి. తెలియని మాటకు సైటు మీద మనవాళ్లు వాడే తెలుగు మాట పక్కన రాయండి. ప్రతి సంగతికీ నంబరు, సంవత్సరం, క్లాజు, చూసిన తేదీ నోటుపుస్తకంలో రాసుకోండి. పాలిటెక్నిక్‌లో చేరేవారికి ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. కోడ్‌లో "ఏమి చేయాలి" అని ఉంటే, ఆ పాఠాల్లో "ఎందుకు" అన్నది దొరుకుతుంది.

ఏఈ ఉద్యోగ పరీక్షలకు చదివే పూర్వ విద్యార్థులకూ ఇదే మా సలహా. గైడులో బట్టీపట్టిన అంకె మరిచిపోతాం. పేజీ తెరిచి, ఎందుకో ఆలోచించి చదివిన అంకె గుర్తుండిపోతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన అమ్మానాన్నలు కట్టిన ఇళ్లలో ఊరంతా నిద్రపోతోంది. వాళ్లు పని చేసేచోట వాళ్ల ప్రాణానికి, మన సొంత ఇంటి కప్పుకు పూచీ ఇచ్చే మాటలు ఆ పేజీల్లో ఉన్నాయి. వచ్చే వార్షికోత్సవ సంచికలో మీలో ఒకరు ఏదైనా ఒక క్లాజు తీసుకుని, మాకంటే తేలికైన తెలుగులో రాస్తారని ఎదురుచూస్తూ ఉంటాం.